ముక్కులో జెల్: మందు జారిపోకుండా ఎలా నిలబడుతుంది, మనం ఎక్కడ జాగ్రత్తపడాలి

"అన్నా, ముక్కుల పెట్టుకో అని జెల్ ఇచ్చిండు ఫార్మసీల. జెల్ అంటే నెత్తికి పెట్టుకునేది కదనే? ముక్కుల పెట్టుకుంటే ఏమన్న అయితదా?"

పోయిన నెల మనకు వచ్చిన వాయిస్ మెసేజ్ ఇది. పంపిన తమ్ముడిది జగిత్యాల వైపు. కువైట్‌లో ఒక క్యాంపు మెస్సులో వంట చేస్తాడు. ఎపిసోడ్‌లో ఇది వినిపించినప్పుడు స్టూడియోలో అందరం నవ్వాం (మన స్టూడియో అంటే రూములో దుప్పటి కట్టిన మూల అని మీకు తెలిసిందే). నవ్వాక ఆలోచిస్తే, అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు. ట్యూబు ఫొటో కూడా పంపాడు, కానీ ముందువైపు మాత్రమే. "వెనకవైపు కూడా తీసి పంపు తమ్ముడూ, సన్న అక్షరాలు కనపడాలి" అన్నాను. వెనకవైపు ఎందుకు అడిగానో ఆడియోలో గబగబా చెప్పేశాను. అర్థం కాలేదని చాలామంది రాశారు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందే చెప్పాలి, నేను డాక్టర్ని కాదు. ఊళ్ళో బి.ఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి మందుల గోడౌన్‌లో స్టాకు లెక్కలు చూసుకుంటున్నవాణ్ణి. మందు గురించి చెప్పగలను, మీ జబ్బు గురించి చెప్పలేను.

ముక్కు ద్వారా మందు అనేది మనకు కొత్త సంగతి కాదు. ఆయుర్వేదంలో నస్యకర్మ ఉంది, ముక్కులో తైలం చుక్కలు వేస్తారు. అంతకంటే దగ్గరి ఉదాహరణ మన తాతలది. రొండిన డబ్బీ, రెండు వేళ్ళ మధ్య చిటికెడు నశ్యం, ఒక్క పీల్పు, కళ్ళలో నీళ్ళు. అది పొగాకు పొడి. అందులోని నికోటిన్ ముక్కు లోపలి పల్చటి పొరలోంచి నిమిషాల్లో రక్తంలోకి వెళ్తుంది. నశ్యం మంచిదని చెప్పట్లేదు, దాని వల్ల క్యాన్సర్ ముప్పు ఉంది. ముక్కు ఎంత దగ్గరి దారో తాతలకు ఏ ప్రయోగశాలా లేకుండానే తెలుసు అంటున్నాను, అంతే.

మాత్ర మింగితే అది కడుపులో కరగాలి, పేగు గోడ దాటాలి, తర్వాత కాలేయం గుండా వెళ్ళాలి. కొన్ని మందుల్ని కాలేయం దారిలోనే చాలావరకు విరిచేస్తుంది. ముక్కు దారిలో ఆ టోల్‌గేటు లేదు. పొర కిందే రక్తనాళాల వల ఉంటుంది. సూది అక్కర్లేదు, వాంతులవుతున్నవాడికి కూడా ఇవ్వొచ్చు.

మరి అన్ని మందులూ ముక్కులోనే ఎందుకు వేయరు? ముక్కు ఊరుకోదు కాబట్టి.

రెండు రంధ్రాల్లో కలిపి లోపలి పొరంతా పరిచి చూస్తే 150 చదరపు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది. దాని మీద జిగురులాంటి చీమిడి పొర, ఆ పొర కింద కంటికి కనపడని సన్నటి నూగు. ఆ నూగు పగలూ రాత్రీ ఒకే దిక్కుకు, అంటే గొంతు వైపుకు ఊడుస్తూనే ఉంటుంది. నిమిషానికి 5, 6 మిల్లీమీటర్ల చొప్పున చీమిడి వెనక్కి కదులుతుంది. దుమ్ము, క్రిములు, ఇసుక తుఫానులో మనం పీల్చిన మట్టి, అన్నీ అలాగే గొంతులోకి పోయి కడుపులో పడతాయి. మందు చుక్క వేసినా దానికి తేడా తెలియదు, మట్టిని ఊడ్చినట్టే ఊడ్చేస్తుంది. నీళ్ళలాంటి మందు వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో సగం గొంతులోకి వెళ్ళిపోతుంది. చుక్కలు వేసుకున్నాక కాసేపటికి నాలుక వెనక చేదు తగులుతుందే, అది ఇదే.

పైగా ముక్కులో పట్టేది చాలా తక్కువ. ఒక్కో రంధ్రంలో మిల్లీలీటరులో పదో వంతు, మహా అయితే ఇంకాస్త. అంతకు మించి వేస్తే ముందుకు కారుతుంది, లేదా మింగేస్తాం.

జెల్ వచ్చింది ఈ ఇబ్బందికి విరుగుడుగానే. చిక్కగా ఉంటుంది, పొరకు అంటుకుంటుంది, నూగు దాన్ని అంత తేలిగ్గా ఊడ్చలేదు. మందు లోపలికి వెళ్ళడానికి టైము దొరుకుతుంది. కానీ చిక్కటిది అయితే స్ప్రేలోంచి రాదు, వేలితో పెడితే ముక్కు గుమ్మంలోనే ఉండిపోతుంది. అందుకని ఒక తెలివైన ఉపాయం కనిపెట్టారు. బాటిల్లో ఉన్నప్పుడు నీళ్ళలా ఉండాలి, ముక్కులో పడ్డాక గడ్డకట్టాలి.

నెయ్యి సంగతి తెలుసు కదా, చలికి పేరుకుంటుంది, వేడికి కరుగుతుంది. పొలాక్సమర్ 407 అనే పదార్థం దీనికి సరిగ్గా తలకిందులు. చల్లగా ఉంటే నీళ్ళు, వెచ్చబడితే జెల్. దాని అణువు పొడుగ్గా ఉంటుంది. రెండు కొసలకూ నీళ్ళంటే ఇష్టం, నడుముకు నీళ్ళంటే పడదు. వేడెక్కేకొద్దీ ఆ నడుములన్నీ నీళ్ళనుంచి దాక్కోవడానికి ఒకచోట చేరి ఉండలు కడతాయి. బత్తాయిల బుట్టలా ఆ ఉండలు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకుంటే ద్రవం కదలకుండా నిలబడిపోతుంది. ముక్కు లోపల 32 నుంచి 34 డిగ్రీల వేడి ఉంటుంది కాబట్టి అంతకు కొంచెం ముందే గడ్డకట్టేలా పాళ్ళు కలుపుతారు. మన గల్ఫ్ ఎండలో ఇలాంటి బాటిల్‌ని పికప్ బండి డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే బాటిల్లోనే గడ్డకట్టి కూర్చుంటుంది. చల్లబడితే మళ్ళీ నీళ్ళవుతుంది కానీ, లోపలి మందు ఆ వేడికి బాగుంటుందన్న నమ్మకం లేదు. ఏ మందైనా సరే, బండిలో ఉంచకండి.

రెండో పద్ధతి లవణాలతో నడుస్తుంది. ఆగ్రా పేఠా తిన్నారా? బూడిద గుమ్మడికాయ ముక్కల్ని ముందు సున్నపు నీళ్ళలో నానబెడతారు. సున్నంలోని క్యాల్షియం ముక్కలో ఉన్న పెక్టిన్‌ని పట్టి బిగిస్తుంది, అందుకే పాకంలో ఉడికినా ముక్క చెదరదు. మన చీమిడిలో కూడా కొంచెం క్యాల్షియం ఉంటుంది. పెక్టిన్ కలిపిన మందును స్ప్రే చేస్తే ఆ క్యాల్షియం తగిలి పల్చటి జెల్ పొరగా మారుతుంది. ఇది ఊహ కాదు. క్యాన్సర్ రోగుల్లో ఉన్నట్టుండి పొడుచుకొచ్చే నొప్పికి ఇచ్చే ఫెంటనిల్ అనే చాలా బలమైన మందును పెక్టిన్‌తో కలిపిన స్ప్రేకి యూరప్‌లో 2010లో, అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. నొప్పి తట్టుకోలేనివాడికి మందు త్వరగా ఎక్కాలి, కానీ ఒక్కసారే అంతా రక్తంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెంటి మధ్య సర్దుబాటు చేసేది ఈ జెల్.

ఇంకొకటి కైటోజాన్. ఇది రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. భీమవరం వైపు వాళ్ళకు ఆ పెంకుల కుప్పలు, వాటి వాసన బాగా తెలుసు. చీమిడిది రుణ విద్యుదావేశం, కైటోజాన్‌ది ధన విద్యుదావేశం, అందుకని గట్టిగా అతుక్కుంటుంది. పొరలో కణాల మధ్య ఉండే బిగువును కాసేపు సడలిస్తుంది కూడా.

ఇవన్నీ చదువుకునే రోజుల్లో చూశాను. మా కాలేజీలో ఎం.ఫార్మసీ సీనియర్లకు ఇలాంటి జెల్ తయారుచేయడం ప్రాజెక్టుగా ఉండేది. పొద్దున్నే మటన్ కొట్టుకెళ్ళి మేక తలకాయలోంచి ముక్కు పొర జాగ్రత్తగా తీయించుకుని, ఉప్పునీళ్ళ డబ్బాలో వేసుకుని బస్సెక్కేవాళ్ళు. ఆ పొరను గాజు గొట్టం మూతికి కట్టి, పైన జెల్ పెట్టి, కిందికి ఎంత మందు దిగిందో గంటగంటకూ కొలిచేవాళ్ళు. అక్కడే ఒక సంగతి అర్థమైంది. మరీ చిక్కగా చేస్తే జెల్ బాగా నిలబడుతుంది కానీ మందు దాన్ని వదిలి రాదు. మందు నిలవాలి, బందీ కాకూడదు. సగం ప్రాజెక్టులు అక్కడే పడకేసేవి.

అన్నీ పడకేయలేదు. బి12 విటమిన్‌ను కడుపు పీల్చుకోలేనివాళ్ళ కోసం ముక్కులో పెట్టుకునే బి12 జెల్‌కు అమెరికాలో 1996లో అనుమతి ఇచ్చారు, తర్వాత అదే స్ప్రేగా మారింది. మగవాళ్ళలో టెస్టోస్టెరోన్ తక్కువైతే ఇచ్చే నాటెస్టో అనే ముక్కు జెల్ 2014లో వచ్చింది. అదే హార్మోన్ చర్మానికి రాసుకునే జెల్‌గా అప్పటికే ఉంది. కానీ రాసుకున్న ఒంటికి భార్యో, చంటిబిడ్డో తగిలితే వాళ్ళకూ అంటుతుంది. ముక్కులో అయితే ఆ భయం తక్కువ. కాకపోతే రోజుకు 3 సార్లు పెట్టుకోవాలి, పెట్టుకున్న గంటదాకా చీదకూడదు, గట్టిగా ఎగపీల్చకూడదు. "మగతనం పెరుగుతుంది" అని దీన్ని రూముల్లో ఎవరైనా అంటగడితే కొనకండి. రక్తపరీక్షలో లోటు తేలి, డాక్టరు రాసినవాళ్ళకే అది మందు. అనవసరంగా వాడితే వీర్యకణాలు తగ్గే ప్రమాదం ఉంది.

"హైదరాబాద్ వాళ్ళు కరోనాకి ముక్కు టీకా చేశారు కదా, అదీ జెల్లేనా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. కాదు. భారత్ బయోటెక్ వాళ్ళ ఇన్‌కోవ్యాక్ చుక్కల మందు. ఒక్కో రంధ్రంలో 4 చుక్కలు. 2023 జనవరి 26న విడుదలైంది. అందులో జెల్ లేదు.

ముక్కులోంచి నేరుగా మెదడుకు మందు అనే మాట కూడా ఈమధ్య వీడియోల్లో బాగా తిరుగుతోంది. ముక్కు పైకప్పులో వాసన పసిగట్టే చిన్న చోటు ఉంది. అక్కడి నరాలు పుర్రె ఎముకలోని సన్నటి రంధ్రాల గుండా మెదడుకు వెళ్తాయి. ఆ దారిన మందు పంపాలని పరిశోధన చాలా జరుగుతోంది, అది నిజమే. కానీ ప్రయోగాల్లో ఎక్కువ ఎలుకల మీదివి. ఎలుక ముక్కులో దాదాపు సగం వాసన చోటే, మనిషికి అది పదో వంతు కూడా ఉండదు, పైగా స్ప్రే అంత పైకి చేరడమే కష్టం. మతిమరుపుకి, పక్షవాతానికి ముక్కు జెల్ అని ఎవరైనా ఊళ్ళో మీ అమ్మానాన్నలకు అమ్మజూపితే డబ్బు పంపకండి.

ఇప్పుడు వంట చేసే తమ్ముడి దగ్గరికి వద్దాం. వెనకవైపు అక్షరాలు ఎందుకు అడిగానంటే, ముక్కు జెల్ చరిత్రలో ఒక చేదు కథ ఉంది.

అమెరికాలో జైకామ్ అని జలుబుకి ఒక ముక్కు జెల్ అమ్మేవాళ్ళు. అందులో ఉన్నది జింకు. హోమియో మందు కింద అమ్మారు కాబట్టి ముందుగా ప్రభుత్వ అనుమతి అవసరం రాలేదు. వాడినవాళ్ళలో కొందరు వాసన పోయిందని ఫిర్యాదు చేయడం మొదలుపెట్టారు. 2006లోనే కంపెనీ కొన్ని వందల కేసులను 1.2 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. అయినా అమ్మకం ఆగలేదు. 2009 జూన్‌లో, 130కి పైగా ఫిర్యాదులు చేరాక, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని వాడొద్దని జనానికి చెప్పింది. ఇంకా విచిత్రం ఏంటంటే ఈ సంగతి అప్పటికే పాతది. 1937లో కెనడాలోని టొరంటోలో పోలియో రాకుండా ఆపాలని దాదాపు 5 వేల మంది పిల్లల ముక్కుల్లో జింకు సల్ఫేటు స్ప్రే చేశారు. పోలియో ఆగలేదు, కొందరు పిల్లలకు మాత్రం వాసన పోయింది.

ఎక్కువసేపు అంటుకుని ఉండటమే జెల్ గొప్పతనం అనుకున్నాం కదా. లోపల ఉన్నది చెడ్డదైతే అదే దాని ప్రమాదం. నీళ్ళ చుక్క అయితే నూగు ఊడ్చేసేది.

వాసన పోతే ఏమవుతుంది అని తేలిగ్గా తీసేసేవాళ్ళున్నారు. వంట చేసేవాడికి అది కూలి. మాడుతున్న తాలింపు, పులిసిన పప్పు, పాడైన చికెన్ ముక్కుకే ముందు తెలుస్తాయి. ఇళ్ళల్లో వంట చేసే అక్కలు, చెల్లెళ్ళకూ అంతే. ఇంకో మాట, వంటగ్యాస్‌కు సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఒక కంపు పదార్థం కావాలని కలుపుతారు. ఆ కంపు పసిగట్టలేని మనిషి పొద్దున 4 గంటలకు పెద్ద బర్నర్ల ముందు నిలబడి అగ్గిపుల్ల గీస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

కాబట్టి వెనకవైపు చూడాల్సింది ఏమిటంటే, ముందు జింకు. ఉంటే ముక్కులో పెట్టొద్దు. తర్వాత, పేరు చివర "జోలిన్" అని ఉందా? జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్, నాఫాజోలిన్. చుక్కలైనా, స్ప్రే అయినా, జెల్ అయినా ఇవి చేసేది ఒకటే పని. ముక్కులో ఉబ్బిన రక్తనాళాల్ని పిండేసి నిమిషాల్లో దారి తెరుస్తాయి. 3 రోజులు, మహా అయితే 5 రోజులు. ఆ తర్వాత మందు దిగగానే నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. మళ్ళీ మందు, మళ్ళీ ఉబ్బు. బీపీ ఉన్నవాళ్ళు అయితే డాక్టర్ని అడక్కుండా అసలు ముట్టుకోకూడదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. ఫార్మసీ చదివిన నేనే వచ్చిన కొత్తలో 8 నెలలు ఆ బాటిల్‌కి బానిసనయ్యాను. ఆరుగురం పడుకునే రూము, నెత్తి మీద ఏసీ, బయట దుమ్ము. దిండు కింద ఒకటి, ప్యాంటు జేబులో ఒకటి. రాత్రి 2 గంటలకు బాటిల్ ఖాళీ అయితే గుండె దడదడలాడేది. చదువుకున్నవాణ్ణి కదా, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. చివరికి క్లినిక్‌లో ఒక మలయాళీ డాక్టరమ్మ స్టెరాయిడ్ స్ప్రే రాసి, "ముందు ఒక ముక్కుకి మానెయ్, రెండో ముక్కు ఊపిరి పీల్చనీ, అది తెరుచుకున్నాక రెండోదీ మాను" అంది. పది పన్నెండు రోజులు నరకమే. తర్వాత తగ్గింది.

ముక్కు ఎండిపోయి, పగిలి, పొద్దున చీదితే రక్తపు చారలు కనిపించేవాళ్ళకు కావలసింది జోలిన్ కాదు. ఏసీ గాలి, ఎడారి గాలి రెండూ తేమను పీల్చేస్తాయి. అక్కడ పనికొచ్చేది ఉప్పునీటి జెల్. వెనకవైపు సోడియం క్లోరైడ్, గ్లిజరిన్, హయాలురోనేట్ లాంటి మాటలు కనిపిస్తాయి. ఇందులో మందంటూ ఏమీ లేదు, తేమను పట్టి ఉంచుతుంది. చేతులు కడుక్కుని, ముక్కు మెల్లగా శుభ్రం చేసుకుని, బియ్యపు గింజంత తీసుకుని గుమ్మం దగ్గరే బయటి గోడకు రాసి, పైనుంచి మెల్లగా నొక్కితే చాలు. మధ్య గోడను గోటితో గీకొద్దు, రక్తం కారేది ఎక్కువగా అక్కడి నుంచే. ఒక ట్యూబు ఒక మనిషికే. రూములో సబ్బు పంచుకున్నట్టు దీన్ని పంచుకుంటే ముక్కులోని క్రిములు కూడా పంచుకున్నట్టే.

"దానికి డబ్బులెందుకు, వాజ్‌లైన్ ఉందిగా" అంటారు. వాజ్‌లైన్ నూనె జాతి. రోజూ రాత్రి ముక్కులో పెట్టుకుని పడుకుంటే కొంచెం కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారి, నెలలు, ఏళ్ళ మీద అక్కడ పేరుకుని ఒక రకం నిమోనియా తెస్తుంది. అరుదే, కానీ ఉంది. నీళ్ళతో చేసిన జెల్‌కు ఆ బాధ లేదు.

ఇక అమృతాంజనం, విక్స్. అమృతాంజనం అంటే మనకు ఇంటి మనిషి లాంటిది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టినది, తర్వాత ఆంధ్రపత్రిక స్థాపించిందీ ఆయనే. నుదుటికి రాసుకోండి, ఛాతీకి రాసుకోండి, ముక్కు లోపల మాత్రం వద్దు. కర్పూరం ఆ లేత పొరను మండిస్తుంది, అక్కడి నుంచి ఒంట్లోకీ ఎక్కుతుంది. మెంథాల్ ముక్కును నిజంగా తెరవదు కూడా. చల్లదనం తెలిపే నరాన్ని తట్టి, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపించేలా చేస్తుంది, అంతే.

ఒకే వైపు ముక్కు వారాలపాటు మూసుకుని ఉన్నా, నొక్కి పట్టుకుని పావుగంటైనా రక్తం ఆగకపోయినా, వాసన ఉన్నట్టుండి పోయినా జెల్‌తో కాలక్షేపం చేయొద్దు. హెల్త్ కార్డు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇంటి నుంచి మందులు తెప్పించుకునేవాళ్ళకు ఒక మాట. ముక్కు స్ప్రే కదా, ఏముందిలే అనుకోకండి. పైన చెప్పిన ఫెంటనిల్ లాంటివి, కోడీన్, ట్రమడాల్ గల్ఫ్ దేశాల్లో కట్టుదిట్టమైన జాబితాలో ఉంటాయి. చీటీ, అనుమతి లేకుండా ఎయిర్‌పోర్టులో దొరికితే కేసు అవుతుంది. పక్కూరివాడి కోసం పార్సిల్ మోసేవాళ్ళు లోపలి మందు పేరు చదవకుండా సంచిలో పెట్టుకోవద్దు.

వంట తమ్ముడు మొన్న శుక్రవారం వెనకవైపు ఫొటో పంపాడు. సోడియం క్లోరైడ్, గ్లిజరిన్, చిక్కదనానికి ఒక సెల్యులోజు. జింకు లేదు, జోలిన్ లేదు. "పెట్టుకో తమ్ముడూ, నెత్తికి మాత్రం పెట్టుకోకు" అని పంపాను. దానికి అతను నవ్వు బొమ్మలు పెట్టి, ఇంకో ఫొటో కూడా పంపాడు. అదే రూములో ఉండే ఇంకొకతని దిండు కింద దొరికిన బాటిల్. పేరు చివర జోలిన్ ఉంది, ఆర్నెల్ల నుంచి వాడుతున్నాడట. అతను వచ్చే వారం ఎపిసోడ్‌లో మనతో మాట్లాడటానికి ఒప్పుకున్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. మీ దగ్గరున్న ట్యూబులు, బాటిళ్ళ ఫొటోలు కూడా అప్పటిలోగా పంపండి, వెనకవైపు.